ప్రతి ఆలస్యానికీ దేవుని పేరు పెట్టకండి

మన సంఘాల్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా మొదట వినిపించే మాట ఒకటే: "దేవుని సమయం ఇంకా రాలేదమ్మా, ఓపిక పట్టు." పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండని కోడలికి ఇదే మాట చెబుతారు. డీఎస్సీ నోటిఫికేషన్ కోసం చదివి చదివి వయసు దాటిపోతున్న కుర్రవాడికీ, మొగుడి చేతి దెబ్బలు తిని రాత్రికి రాత్రి పాస్టరుగారి గుమ్మం ఎక్కిన ఆడమనిషికీ ఇదే మాట. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలామంది నిజంగా ఆదరించాలనే చెబుతారు. అయినా ఈ మాటను మనం వాడుతున్న తీరు వాక్యానికి విరుద్ధమైనదనీ, కష్టంలో ఉన్నవాళ్లను మరింత కుంగదీస్తోందనీ, దేవుడు చెయ్యని పనిని ఆయన మీదకు నెడుతోందనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

కాలం దేవుని చేతిలో ఉందన్నది మన విశ్వాసానికి పునాది. అందులో నాకు పేచీ లేదు. డెబ్బై అయిదేళ్ల వయసులో హారాను విడిచి బయలుదేరిన అబ్రాహాముకు ఇస్సాకు పుట్టేసరికి నూరేళ్లు నిండాయి. అన్నలు అమ్మేసిన రోజుల్లో యోసేపుకు పదిహేడేళ్లు, ఫరో ముందు నిలబడేనాటికి ముప్పై. మోషే మిద్యానులో మామ మందలు కాస్తూ నలభై ఏళ్లు గడిపాడు. ఆ ఏళ్లలో దేవుడు ఊరికే లేడని నేనూ నమ్ముతాను. నా అభ్యంతరమంతా ఆ నమ్మకం పక్కన మనం కట్టుకున్న సిద్ధాంతం మీదే. జరగవలసింది జరగడం లేదంటే దేవుడే ఆపాడట. ఆపింది దేవుడే కనుక నోరెత్తకుండా కూర్చోవడమే విశ్వాసమట. "ఎందుకు ప్రభువా?" అని అడిగితే అది సణుగుడట. ఈ సిద్ధాంతానికి బైబిల్లో చోటు లేదు.

ఆరోహణానికి ముందు శిష్యులు రాజ్యం ఇప్పుడే వస్తుందా అని అడిగితే, కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మీ పని కాదని యేసు జవాబిచ్చాడు. రాకడ తేదీలు లెక్కగట్టేవాళ్లను ఖండించడానికి ఈ వాక్యాన్ని మనం బాగానే వాడుకుంటాం. అయితే "సమయం వచ్చేసింది" అని ప్రకటించేవాడికి అడ్డుపడే వాక్యం, "సమయం ఇంకా రాలేదు" అని తేల్చేసేవాడికీ అడ్డుపడుతుంది. ఎదుటి మనిషి జీవితంలో దేవుని గడియ ఎప్పుడో తెలియనివాళ్లకు, అది ఇంకా కాలేదన్న సంగతి మాత్రం ఎలా తెలిసింది?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం పంచుకునే వాగ్దాన కార్డుల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం లేని సంవత్సరం ఉండదు. నిరీక్షణా, మంచి భవిష్యత్తూ ఇస్తానని దేవుడు చెప్పిన వచనమది. దాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ ఈ ఏడు తమ సమయం వస్తుందనుకుంటారు. ఆ అధ్యాయాన్ని మొదటి నుంచీ చదివి కార్డు అచ్చువేస్తే బాగుండేది. అది క్రీస్తుపూర్వం 597లో యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. అందులో ఉన్న గడువు డెబ్బై ఏళ్లు. ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే ఆ దేశపు మట్టిలో కలిసిపోతారన్నమాట. అందుకే యిర్మీయా వాళ్లకు ముందు చెప్పింది వాగ్దానం కాదు, పని. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చెయ్యండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోసం పాటుపడండి అన్నాడు. ఆ రోజుల్లోనే యెరూషలేములో హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని ప్రకటించి, యిర్మీయా మెడమీది కాడిని అందరి ముందూ విరగ్గొట్టాడు. జనానికి అతని మాటే నచ్చి ఉంటుంది. దేవుడు పంపనిది అతన్నే. దగ్గరి గడువు చెప్పి జనాన్ని సంతోషపెట్టినవాడు అబద్ధ ప్రవక్త అయ్యాడు. ప్రతి జనవరి ఒకటినా "ఇది నీ సంవత్సరం" అని ప్రకటించే సేవకులు, తాము యిర్మీయా పక్కన నిలబడ్డారో హనన్యా పక్కన నిలబడ్డారో మోకాళ్ల మీద పరీక్షించుకోవాలి. ఇది నేను ఎంతో బాధతోనే రాస్తున్నాను. జనవరిలో ఆ కార్డును బైబిల్లో దాచుకున్నవాళ్లు డిసెంబరు నాటికి తమ విశ్వాసంలోనే ఏదో లోపముందని కుమిలిపోతుంటారు.

యిర్మీయా చెప్పిన డెబ్బై ఏళ్ల లెక్క దానియేలుకు తెలుసు. గ్రంథాలు చదివి తెలుసుకున్నానని తొమ్మిదో అధ్యాయంలో ఆయనే చెప్పాడు. దేవుని సమయం ఖచ్చితంగా తెలిసిన బహు కొద్దిమందిలో ఆయన ఒకడు. తెలిశాక ఏం చేశాడు? గడువు దగ్గరపడింది కదా, దానంతటది జరుగుతుందిలే అని కూర్చోలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిద చల్లుకుని, ఉపవాసముండి, ఆలస్యం చెయ్యొద్దని దేవుణ్ణి బతిమాలాడు. గడువు తెలిసినవాడే ఆలస్యం చెయ్యొద్దని అడిగాడు. ఆ ప్రార్థన ఇంకా ముగియకముందే గబ్రియేలు వచ్చాడు, అతన్ని బహు ప్రియుడవని పిలిచాడు. దేవుని సమయంతో వాదించడం అవిశ్వాసమైతే ఈ పిలుపు రాకూడదు.

ఇక యోసేపు. ఈ అంశం మీద బోధించేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది యోసేపునే. పదమూడేళ్లు మౌనంగా భరించాడని, సమయం వచ్చాక దేవుడు హెచ్చించాడని చెబుతారు. ఆదికాండం 40వ అధ్యాయం చదివితే ఆ మౌనం ఎక్కడా కనిపించదు. కల భావం చెప్పిన వెంటనే యోసేపు పానదాయకుల అధిపతిని అడిగాడు: నీకు మేలు జరిగినప్పుడు నన్ను గుర్తుపెట్టుకో, ఫరోతో నా సంగతి చెప్పు, నన్ను ఈ చెరలోంచి బయటికి తీయించు. తనను హెబ్రీయుల దేశం నుంచి దొంగతనంగా ఎత్తుకొచ్చారనీ, చెరసాలలో వెయ్యదగ్గ తప్పేదీ చెయ్యలేదనీ కూడా చెప్పాడు. ఇది న్యాయం కోసం పెట్టుకున్న అర్జీ. అధిపతి మరిచిపోయాడు. రెండేళ్లు గడిచిపోయాయి. మనిషిని నమ్ముకున్నందుకు యోసేపుకు దేవుడు విధించిన శిక్షే ఈ రెండేళ్లని బోధించేవాళ్లను నేను విన్నాను. వచనంలో ఆ మాట లేదు. అతను యోసేపును మరిచిపోయాడని మాత్రమే ఉంది. ఫరోకు కలలొచ్చి మనసు కలవరపడిన రోజున ఆ అధిపతే నోరు తెరిచి, తన తప్పులు ఇప్పుడు గుర్తొస్తున్నాయని ఒప్పుకున్నాడు. ఆ రెండేళ్ల ఆలస్యం ఎవరిదో లేఖనమే అతని నోట చెప్పించింది. దేవుడు దాన్ని కూడా మేలుకు వాడుకున్నాడన్నది నిజమే. వాడుకోవడం వేరు, చెయ్యడం వేరు. ఈ రెంటినీ కలిపేసినప్పుడు మరిచిపోయిన ప్రతి అధికారీ నిర్దోషి అయిపోతాడు.

యోసేపు కథలోనే ఇంకొకటుంది. మీరు నాకు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుగా మార్చాడు అని 50వ అధ్యాయంలో చెప్పిన మాటను మనం ఎంతో ప్రేమిస్తాం. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో గమనించాలి. గుంటలో పడినవాడు చెప్పాడు, అన్నీ గడిచిపోయాక, తనను అమ్మినవాళ్లను క్షమిస్తూ చెప్పాడు. గుంట ఒడ్డున కూర్చుని అన్నం తిన్న అన్నలకు ఆ మాట చెప్పే హక్కు లేదు. తమ్ముడు ప్రాణం విలవిల్లాడుతూ బతిమాలినా వినలేదని, అందుకే ఈ ఆపద వచ్చిందని వాళ్లే తర్వాత ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. ఆ రోజు వాళ్లలో ఒకడు గుంటలోకి తొంగిచూసి, నీ జీవితం పట్ల దేవునికొక ప్రణాళిక ఉంది తమ్ముడూ, ఆయన సమయం కోసం కనిపెట్టు అని ఉంటే దాన్ని మనం ఆదరణ అంటామా? దేవుని సమయాన్ని నమ్ముతున్నానని చెప్పే అధికారం బాధపడేవాళ్లది. పక్కవాళ్లు వాళ్ల తరఫున చెప్పేది కాదు. తాడు చేతిలో ఉన్నవాళ్లు ఆ మాట అస్సలు చెప్పకూడదు.

ఈ సంగతిని లూకా సువార్త 13వ అధ్యాయం కంటే స్పష్టంగా ఇంకెక్కడా చూడం. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి, పైకి చూడలేని స్త్రీ విశ్రాంతిదినాన సమాజమందిరానికి వచ్చింది. యేసు ఆమెను పిలిచి బాగుచేశాడు. సమాజమందిరపు అధికారికి కోపమొచ్చింది. ఆయన అభ్యంతరం బాగుచేయడం మీద కాదు, సమయం మీద. పని చెయ్యడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో వచ్చి బాగుపడండి అన్నాడు. పద్దెనిమిదేళ్లు ఓపిక పట్టిన మనిషి ఇంకొక్క రోజు ఆగితే ఏం పోయిందన్నదే ఆయన లెక్క. పైకి ఎంతో భక్తిగా, లేఖనానికి కట్టుబడినట్టుగా ఉంది. యేసు దాన్ని వేషధారణ అన్నాడు. మీ ఎద్దునూ గాడిదనూ విశ్రాంతిదినాన విప్పి నీళ్లకు తోలుకెళ్లరా, మరి అబ్రాహాము కుమార్తెను ఈ కట్టునుంచి విడిపించకూడదా అని నిలదీశాడు. ఆ పద్దెనిమిదేళ్లూ దేవుని సమయమని ఆయన అనలేదు. సాతాను బంధించిన ఏళ్లన్నాడు. పోగొట్టగలిగిన బాధను ఒక్క రోజు పొడిగించడానికి కూడా దేవుని పేరు వాడుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఒక ఇంట్లో అమ్మాయికి ముప్పై దాటింది, పెళ్లి కాలేదు. దేవుని సమయం రాలేదని సంఘమంతా ప్రార్థన చేస్తుంది. వచ్చిన సంబంధాలన్నీ ఎక్కడ తప్పిపోయాయో అడిగితే తండ్రి తలవంచుకుంటాడు: కట్నం దగ్గర. అడిగినవాళ్లెవరు? ఏ ఆదివారమూ ఆరాధన మానని విశ్వాసులు, కొన్నిచోట్ల సంఘపెద్దలు. 1961 నుంచీ ఈ దేశంలో కట్నం అడగడం నేరం. ఆ పిల్ల పెళ్లిని ఆపింది పరలోకమా, ముందు బెంచీలో కూర్చున్న కుటుంబమా? ఆ కుటుంబాన్ని లేచి నిలబడమని అడిగే ధైర్యం లేక, ఆ ఆలస్యాన్ని మనం దేవుని మీద వేస్తున్నాం.

దెబ్బలు తినే భార్యకు చెప్పే ఓపిక ఇంకా ఘోరం. భర్త మారేదాకా ఉపవాసముండి ప్రార్థించు, దేవుని సమయంలో అతను మారతాడు అని వెనక్కి పంపిస్తాం. 2005లో గృహహింస చట్టం వచ్చింది, 181కి ఫోను చేస్తే సాయం దొరుకుతుంది. ఆ సంగతి చెప్పిన ప్రసంగం నేను వినలేదు. పాస్టరమ్మగారు అలాంటి మనిషి చెయ్యి పట్టుకుని పోలీసు స్టేషనుకు తీసుకెళ్తే అది విశ్వాసానికి లోటు అయిపోదు. జబ్బుల సంగతీ ఇంతే. క్షయకు నెలల తరబడి మందు విడవకుండా వాడాలి, మధ్యలో మానేస్తే రోగం మొండిదవుతుంది. స్వస్థత కూడిక నుంచి వచ్చి మాత్రలు పక్కన పెట్టేసి దేవుని గడియ కోసం చూసే మనిషిని ఆపవలసింది మొదట బోధకుడే.

మన పూర్వీకుల చరిత్ర మనకే తెలియక ఇలా తయారయ్యాం. 1876-78 ధాత కరువులో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో జనం ఆకలితో రాలిపోతున్నప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వానల కోసం ప్రార్థన చేసి ఊరుకోలేదు. ప్రభుత్వం కరువు పనుల కింద తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పనికి కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవాళ్లకు కూలీ ఇప్పించాడు. యౌవనంలో సర్వేయర్ల దగ్గర పనిచేసిన అనుభవం అప్పుడు అక్కరకొచ్చింది. వేలమంది ఆ కాలువ గట్టు మీద బతికారు. అలా బతికినవాళ్లలో ఎంతోమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగితే మాత్రం ఆయన ఆపాడు. ఆకలి వల్ల వస్తున్నారో విశ్వాసం వల్ల వస్తున్నారో తేలేదాకా, కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన ప్రసంగాల్లో ఈ అంకె ఒక్కటే మిగిలింది, దాన్ని దేవుని సమయానికి నిదర్శనంగా చెబుతాం. ఆ మనిషి ఏది ఆపాడో ఏది ఆపలేదో చెప్పం. తన సంఘానికి పేరు తెచ్చేదాన్ని ఆపాడు. జనం నోటి కాడి కూడును ఒక్క పూట కూడా ఆపలేదు. ఇవాళ మనం చాలాసార్లు దీన్ని తలకిందులుగా చేస్తున్నాం.

గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో అడుగుపెట్టేనాటికి ఆమెను పంపిన మిషను బోర్డు వైద్యసేవకు ఇంకా సిద్ధంగా లేదు. ఆస్పత్రి తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్లు. భవనం లేదని ఆమె ఆ ఏళ్లలో చేతులు కట్టుకుని కూర్చోలేదు. వచ్చిన ఆడవాళ్లకూ పిల్లలకూ మందిస్తూనే ఉంది. కనిపెట్టడమంటే ఇలా ఉంటుంది.

మనుషుల చేతిలో ఉన్న ఆలస్యాల్లో అన్నిటికంటే పొడవైనది మన సంఘాల్లో సగానికి పైగా గడపలను తాకేది. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసింది. అదే ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. వాళ్లు అడిగారు, ఉద్యమించారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో క్రైస్తవులకు అనుకూలంగా సిఫార్సు చేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం పంపింది. ఇన్ని దశాబ్దాలూ మన వేదికల మీద ఈ విషయం ఎత్తితే రాజకీయాలొద్దు, దేవుడే తన సమయంలో చూసుకుంటాడు అన్న పెద్దలు ఎందరో. బైబిల్లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మాత్రం అలా ఊరుకోలేదు. మోషే ముందుకూ, యాజకుడి ముందుకూ, ప్రధానుల ముందుకూ వచ్చి, కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి స్వాస్థ్యం మాకు ఎందుకు రాకూడదని అడిగారు. సమయం కోసం ఆగమని దేవుడు చెప్పలేదు. వాళ్లు అడిగింది న్యాయమేనన్నాడు, చట్టాన్నే మార్చాడు.

నా మాటకు గట్టి జవాబు ఒకటుంది, దాన్ని తప్పించుకోను. లాజరు జబ్బుపడ్డాడని కబురొచ్చినా యేసు ఉన్నచోటే రెండు రోజులు ఆగాడు. అది మనుషులు చేసిన ఆలస్యం కాదు, ఆయన చేసిందే. నిజమే. దేవుడు ఆలస్యం చేసే సందర్భాలు ఉన్నాయి, వాటికి కారణం మనకు అంతుచిక్కదు. అక్కడ ఏం జరిగిందో మాత్రం చివరిదాకా చదవాలి. మార్త ఎదురువెళ్లి, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదని ముఖం మీదే అడిగింది. మరియ కూడా అదే అడిగింది. ఆయన ఇద్దర్నీ గద్దించలేదు. మరియనూ, ఆమెతో వచ్చినవాళ్లనూ చూసి ఏడ్చాడు. ఆ ఆలస్యానికి కారణం తెలిసిన ఒక్కడే ఏడ్చాడు. కారణం తెలియని మనం ఆ ఇంట్లో నిలబడి పొడి కళ్లతో వివరణలు ఇస్తున్నాం. యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు నేలమీద కూర్చుని మౌనంగా ఉన్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచి దేవుని తరఫున లెక్కలు చెప్పడం మొదలుపెట్టాకే తప్పులో పడ్డారు. చివరికి దేవుడు కోపించింది వాళ్ల మీద. దేవుణ్ణి ప్రశ్నించిన యోబు యుక్తంగా మాట్లాడాడన్నాడు.

ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీలలు మధ్యరాత్రి పాడిన పాటల మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. తెల్లారాక జరిగింది ఎవరూ చెప్పరు. న్యాయాధిపతులు కబురంపి గుట్టుగా విడిచిపెట్టమన్నారు. పౌలు కదల్లేదు. విచారణ లేకుండా రోమా పౌరులను అందరి ముందూ కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని తీసుకెళ్లాలి అన్నాడు. రాత్రి పాట పాడినవాడే పొద్దున్న హక్కు అడిగాడు. ఆ రెండూ ఒకే విశ్వాసం. మొదటిదాన్ని మాత్రమే నేర్పిన తరం అన్యాయం ముందు పాటలు పాడుతూ ఉండిపోతుంది.

ఇక ఏమీ జరగనివాళ్ల సంగతి. సమయం రాకుండానే వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. మోషే నెబో కొండ మీద నుంచి కనాను చూశాడు, అందులో కాలు పెట్టలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల పేర్లన్నీ చెప్పి, రాళ్లతో కొట్టబడినవాళ్లనూ, రంపాలతో కోయబడినవాళ్లనూ తలచుకుని, వీళ్లెవరూ వాగ్దాన ఫలం అనుభవించలేదని తేల్చి చెప్పింది. ఓపిక పడితే తప్పక దొరుకుతుందన్న మన బోధ ఈ అధ్యాయం ముందు నిలవదు. మన ఆరాధనల్లో సాక్ష్యం చెప్పడానికి లేచేది ఎవరు? వీసా వచ్చినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు, ఆపరేషన్ లేకుండా గడ్డ కరిగినవాళ్లు. రానివాళ్లు, దొరకనివాళ్లు, కరగనివాళ్లు వెనక బెంచీల్లో తలదించుకుని చప్పట్లు కొడుతుంటారు. ఆ పత్రిక రాసిన భక్తుడు తర్వాతి అధ్యాయం మొదటి వచనంలోనే వీళ్లందర్నీ సాక్షులన్నాడు. పొందినవాళ్లనూ పొందనివాళ్లనూ వేరుచెయ్యలేదు.

వచ్చే ఆదివారం సాక్ష్యాల వేళ వాళ్లకూ మైకు ఇవ్వండి. డయాలసిస్ మీద బతుకుతున్న తల్లి లేచి, ప్రభువు నన్నింకా బాగుచెయ్యలేదు, అయినా ఆయన్నే అడుగుతున్నాను అని చెబితే దాన్ని సాక్ష్యంగానే వినండి, మీ వివరణ దానికి చేర్చకండి. ఆరాధన అయ్యాక ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లే రోజులేమిటో, ఆటోకు ఎంత అవుతోందో, వెంట ఎవరు వెళ్తున్నారో కనుక్కుని, ఆ వారం నుంచే వంతులు వేసుకోండి.